నేర్చుకోవడం వేరు, వాడకంలోకి తేవడం వేరు: ఒక డెవలపర్ల బృందం తీసుకున్న రెండు నిర్ణయాలు

నేపథ్యం

ఈ కేసు తొమ్మిది మంది డెవలపర్లున్న ఒక బృందానికి సంబంధించినది. ఆ బృందం సాంకేతిక బాధ్యతను నేను చాలా ఏళ్లు చూశాను. వివిధ సంస్థలు తమ కస్టమర్లకు ఇన్‌వాయిస్‌లు పంపడానికి, చెల్లింపులు నమోదు చేయడానికి, నెలాఖరు లెక్కలు సరిచూసుకోవడానికి వాడే బిల్లింగ్ వ్యవస్థను మేము నిర్వహించేవాళ్లం. వ్యవస్థ మరీ పెద్దదేమీ కాదు. కానీ అందులో తప్పు జరిగితే దాని ఫలితం ఎవరో ఒకరి డబ్బు మీద పడుతుంది. ఆ కారణం వల్లనే, ఏ కొత్త సాంకేతికతను లోపలికి రానివ్వాలి, దేన్ని గుమ్మం దగ్గరే ఆపాలి అన్న ప్రశ్న మాకు ఎన్నడూ కేవలం అభిరుచికి సంబంధించినది కాలేదు.

ఇక్కడ వివరించేది రెండు నిర్ణయాలను. 2016లో తీసుకున్న మొదటి నిర్ణయం మమ్మల్ని రెండేళ్లు వెనక్కి లాగింది. 2019లో తీసుకున్న రెండవది చాలావరకు నిలబడింది. రెండు సందర్భాల్లోనూ బృందంలో ఉన్నది దాదాపు అదే మనుషులు, అవే తెలివితేటలు. తేడా ఎక్కడ వచ్చిందన్నదే నేను రాయదలచుకున్న విషయం.

మొదటి నిర్ణయం

2016 ఆరంభంలో మా డేటా అంతా, వివరాలను టేబుళ్లలో దాచే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉండేది. ఒక్కో సంస్థ ఇన్‌వాయిస్ ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరికి కొనుగోలు ఆర్డర్ సంఖ్య కావాలి, ఒకరికి శాఖల వారీ విభజన కావాలి, మరొకరికి పన్ను వివరాలు వేరే వరుసలో రావాలి. కొత్త సంస్థ చేరిన ప్రతిసారీ మేము టేబుళ్లకు కాలమ్‌లు చేర్చుకుంటూ పోయాం. ఒక దశలో ప్రధాన టేబుల్‌లో సగానికి పైగా కాలమ్‌లు, సగానికి పైగా వరుసల్లో ఖాళీగా ఉండేవి. అందరూ విసిగిపోయిన సమయంలో మాలో అనుభవజ్ఞుడైన ఒక సహోద్యోగి ఒక సదస్సు నుంచి తిరిగి వచ్చి, ఒక్కో రికార్డును ఒక్కో పత్రంగా దాచే డాక్యుమెంట్ డేటాబేస్‌కు మారదామని ప్రతిపాదించారు. రెండు రోజుల్లో ఒక డెమో కూడా సిద్ధం చేశారు. ఏ ఆకారంలో ఉన్న ఇన్‌వాయిస్ అయినా అందులోకి ఇట్టే వెళ్లిపోవడం మేమంతా కళ్లారా చూశాం. మూడు వారాల్లో నిర్ణయం జరిగిపోయింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇన్‌వాయిస్‌ను చూస్తే అది నిజంగానే ఒక పత్రం. బిల్లింగ్ మాత్రం పత్రాల గుట్ట కాదు. ఒక చెల్లింపు వచ్చినప్పుడు ఇన్‌వాయిస్‌లో బాకీ తగ్గాలి, లెడ్జర్‌లో ఒక పద్దు పడాలి, కస్టమర్ ఖాతా నిల్వ మారాలి. ఈ మూడూ కలిసి జరగాలి, లేదా మూడూ జరగకుండా ఉండాలి. మేము ఎంచుకున్న డేటాబేస్ అప్పట్లో ఒక్క పత్రం లోపలి మార్పులకే ఆ హామీ ఇచ్చేది, ఆ విషయాన్ని దాని వాడుక వివరణల్లో స్పష్టంగానే రాసి ఉంచింది. కనుక లోపం దానిది కాదు, మా పనికి దాన్ని ఎంచుకున్న మాది. అలా కలిసి జరిగే మార్పులను ట్రాన్సాక్షన్లు అంటారు; అక్కడ లేని ఆ ట్రాన్సాక్షన్లను మా కోడ్‌తో అనుకరించడం మొదలుపెట్టాం. 2017 మధ్యకు వచ్చేసరికి ప్రతి నెల మొదటి రెండు రోజులు ఇద్దరు డెవలపర్లు వేరే పనేదీ లేకుండా, లెడ్జర్ మొత్తానికీ ఇన్‌వాయిస్‌ల మొత్తానికీ మధ్య వచ్చిన తేడా ఎక్కడ పుట్టిందో వెతుకుతూ కూర్చోవలసి వచ్చేది. 2018లో మళ్లీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు తిరిగి వచ్చాం. ఆ తరలింపుకు ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలల్లో కస్టమర్లకు ఒక్క కొత్త సౌకర్యం కూడా ఇవ్వలేకపోయాం.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధించే వివరం ఒకటి ఉంది. 2014 డిసెంబరులో విడుదలైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.4లో జేసన్‌బి అనే కాలమ్ రకం వచ్చింది. ఆకారం ముందుగా తెలియని డేటాను ఒక కాలమ్‌లో దాచుకుని, దాని లోపలి అంశాల మీద ఇండెక్స్ వేసుకుని వెతకగలిగే వీలు దానితో కలిగింది. మాకు కావలసింది సరిగ్గా అదే. మేము మాత్రం 2016లో ఇంకా 9.3 మీదే ఉన్నాం. మా దగ్గరున్న పనిముట్టును ఒక్క మెట్టు ఎక్కించుకుంటే తీరిపోయే సమస్యకు, దాన్నే పక్కనపెట్టి మరోదాన్ని తెచ్చుకున్నాం. కొత్త సాధనాల పరిచయ వ్యాసాలు మాలో అందరూ చదివేవారు, వాడుతున్న సాధనం రిలీజ్ నోట్స్, అంటే ప్రతి వెర్షన్‌లో ఏమి మారిందో చెప్పే వివరాలు మాత్రం ఒక్కరూ చదవలేదు.

విడివిడిగా అడిగినప్పుడు

తిరుగు తరలింపు ముగిశాక నేను బృందంలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఒకే ప్రశ్న అడిగాను: 2016లో మీరు ఎందుకు ఒప్పుకున్నారు? తప్పు ఎవరి నెత్తిన వేయాలో తేల్చడానికి కాదని ముందే చెప్పాను. అయినా మొదటి రెండు సంభాషణల్లో నాకు నిర్ణయ పత్రంలోని మాటలే తిరిగి వినిపించాయి. వేగం, విస్తరణ సామర్థ్యం, సౌలభ్యం. అప్పటి మా డేటా మొత్తం ఒక్క మామూలు సర్వర్ మెమరీలో సరిపోయేది, కాబట్టి విస్తరణ సామర్థ్యం అన్న కారణం మాకు వర్తించేది కాదు. నేను కాస్త ఓపికగా కూర్చున్నాక అసలు సమాధానాలు వచ్చాయి.

ఒకరు ఉద్యోగ ప్రకటనల్లో ఆ సాధనం పేరు పదేపదే చూసి, తనకు అది రాకపోతే వెనకబడిపోతానని భయపడ్డారు. ఒకరు నాలుగేళ్లుగా అవే టేబుళ్లతో పనిచేసి విసుగెత్తి ఉన్నారు. ముగ్గురు, ప్రతిపాదించిన వ్యక్తి మాట అంతకు ముందు ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ఈసారీ తప్పదనుకున్నారు. కొత్తగా చేరిన ఇద్దరికి చర్చ సగమే అర్థమైంది, అడిగితే తమ అజ్ఞానం బయటపడుతుందని ఊరుకున్నారు. ఒకరు చెప్పింది మాత్రం నేను అక్షరాలా రాసి పెట్టుకున్నాను: "ట్రాన్సాక్షన్ల విషయంలో నాకు అనుమానం వచ్చిందండి. కానీ నా దగ్గరున్నది అనుమానం, ఆయన దగ్గరున్నది పనిచేస్తున్న డెమో." ఇక ప్రతిపాదించిన సహోద్యోగి, తాను ఆ సాధనాన్ని మనస్ఫూర్తిగా నమ్మానని, దాంతోపాటు ఒక పెద్ద పనిని మొదటి నుంచి చివరి దాకా తన చేతుల మీదుగా కట్టాలన్న కోరిక కూడా ఉండేదని నిజాయితీగా చెప్పారు.

ఈ కారణాలలో ఒక్కటి కూడా నిర్ణయ పత్రంలో లేదు. అలాగని వీటిని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. నైపుణ్యం పాతబడుతుందన్న భయం ఊహ కాదు. బ్రౌజర్లలో యానిమేషన్లు, వీడియోలు ఆడించిన ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది, అలాంటిదే అయిన సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరులో ముగిసింది. ఆ రెండింటి మీద ఏళ్ల తరబడి ఆధారపడినవారు తమ అనుభవంలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఈ వృత్తిలో నేర్చుకుంటూ ఉండాలన్న తపన ఆత్మరక్షణ కూడా. మేము చేసిన పొరపాటు వేరే చోట ఉంది. నేర్చుకోవలసిన అవసరాన్ని తీర్చుకోవడానికి మాకు వేరే చోటు లేక, ఇతరుల డబ్బు నడిచే వ్యవస్థనే తరగతి గదిగా వాడుకున్నాం.

సంభాషణల తరువాత నేను ఈ అంశం మీద చదివినవాటిలో ఒక పాత అధ్యయనం బాగా గుర్తుండిపోయింది. బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతులు హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని ఎలా స్వీకరించారో పరిశీలించి 1943లో ప్రచురించారు. కొత్త విత్తనం గురించి రైతుల్లో ఎక్కువమంది మొదట విన్నది విత్తనాలు అమ్మేవారి నోట, వేయాలన్న నిర్ణయానికి రావడంలో ఎక్కువ పనిచేసింది మాత్రం పొరుగు రైతుల మాట. రైతులు ఒకేసారి పొలమంతా వేయలేదు, ముందు కొద్ది భాగంలో వేసి చూసి ఆ తరువాతే విస్తరించారు. ఇదే దారిలో సాగిన ఎవెరెట్ రోజర్స్ 1962లో, ఒక కొత్తదనం ఎంత త్వరగా వ్యాపిస్తుందో నిర్ణయించే ఐదు లక్షణాలను చెప్పారు: పాతదానికన్నా మేలు, ఉన్న పద్ధతులతో పొసగడం, సంక్లిష్టత, చిన్న మోతాదులో ప్రయత్నించి చూసే వీలు, ఫలితం పదిమందికీ కనిపించడం. 2016లో మేము చివరి లక్షణానికే లొంగిపోయామని నాకు తోచింది. డెమో అందరికీ కనిపించింది. మా అసలు పనిలో కొద్ది భాగాన్ని అందులో వేసి, ఒక నెలాఖరు గడిచేదాకా ఆగి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

రెండు ప్రశ్నలను విడదీయడం

2018 చివర్లో మేము చేసిన మార్పు చెప్పడానికి చిన్నది. "దీన్ని నేర్చుకుందామా" అన్న ప్రశ్ననూ "దీన్ని మన వ్యవస్థలో పెడదామా" అన్న ప్రశ్ననూ పూర్తిగా విడదీశాం. మొదటి ప్రశ్నకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రతి వారం ఒక పూట ఎవరికి నచ్చింది వారు నేర్చుకోవచ్చు, దానికి ఉపయోగం చూపించమని అడగకూడదు. ఆరు వారాలకొకసారి చూసినదాన్ని మిగతావారికి చూపించాలి, అంతే. ఇక్కడ తప్పు ఎంపిక చేసినా పోయేది ఒక మనిషి గడిపిన కొన్ని పూటలే, అవి కూడా పూర్తిగా వృథా కావు. రెండవ ప్రశ్నలో పొరపాటు జరిగితే దాన్ని మోసేది నిర్ణయం తీసుకున్నవారు కాదు, వారు వెళ్లిపోయాక ఆ కోడ్‌ను చూసుకోవలసినవారు. అందుకే దానికి ఒక పేజీ పత్రం, ఒక పరీక్ష, ఒక పునఃసమీక్ష తేదీ తప్పనిసరి చేశాం.

పత్రంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టింది మొదటి ప్రశ్న మీద: ఈ సమస్యను ఇప్పుడు మన దగ్గరున్న సాధనాలు, వాటి తాజా వెర్షన్లతో సహా, ఎంతవరకు తీర్చగలవు? సమాధానం రాసేవారు రిలీజ్ నోట్స్ చదివి తీరాలి. తరువాతి ప్రశ్న, దీన్ని రెండేళ్ల తరువాత తీసివేయవలసి వస్తే ఏమి మిగులుతుందన్నది. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ భాషకు డేటా రకాల వివరాలు జోడించే టైప్‌స్క్రిప్ట్‌కు ఈ ప్రశ్న వేస్తే సమాధానం తేలిక. రకాల వివరాలు తొలగిస్తే మిగిలేది దాదాపు మామూలు జావాస్క్రిప్టే, పైగా ఒక్కో ఫైల్ చొప్పున మారవచ్చు. జావాస్క్రిప్ట్‌గా మారి నడిచే కాఫీస్క్రిప్ట్ అనే భాష సంగతి అలా జరగలేదు. 2011లో వెబ్‌సైట్లు కట్టే రైల్స్ అనే సాధనం 3.1 వెర్షన్‌తో పాటే వచ్చేంత ఆదరణ పొందిన ఆ భాష ఇచ్చిన సౌకర్యాల్లో ముఖ్యమైనవి 2015 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకే వచ్చేశాయి. ఆ తరువాత కాఫీస్క్రిప్ట్‌లో రాసిన కోడ్ ఉన్న బృందాలకు దాన్ని తిరిగి జావాస్క్రిప్ట్‌లోకి మార్చుకునే పని మిగిలింది.

ప్రతిపాదించినవారు సెలవులో ఉన్నప్పుడు రాత్రి వేళ వ్యవస్థ ఆగిపోతే బాగుచేయగల మరో ఇద్దరు ఎవరన్నది ఇంకో ప్రశ్న. ఆ సాధనం ఎవరి చేతిలో ఉంది, ఏ లైసెన్స్ కింద ఉందన్నది చివరిది. ఇది న్యాయవాదులు చూసుకునే విషయమని మొదట్లో కొందరు అన్నారు. కానీ తెరలు కట్టడానికి ఫేస్‌బుక్ తయారుచేసిన రియాక్ట్ అనే సాధనంతో వచ్చిన పేటెంట్ షరతుల కారణంగా 2017 జులైలో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఆ లైసెన్స్‌తో కొత్తగా వాడకాన్ని నిషేధించడం, అదే ఏడాది సెప్టెంబరులో ఫేస్‌బుక్ దాన్ని ఎక్కువ షరతులు లేని ఎంఐటి లైసెన్స్ కిందకు మార్చడం మా కళ్లముందే జరిగాయి. అంతకు ముందు, 2013లో ఫేస్‌బుక్ కొన్న, యాప్‌ల సర్వర్ పనిని చూసిపెట్టే పార్స్ అనే సేవ మూసివేతను 2016 జనవరిలో ప్రకటించినప్పుడు, దాని మీద యాప్‌లు నడుపుకునేవారికి ఏడాది గడువు మాత్రమే దొరికింది.

రెండవ నిర్ణయం

2019లో ఈ పద్ధతికి అసలు పరీక్ష వచ్చింది. మా తెరలన్నీ, బ్రౌజర్‌లో తెరలు కట్టడానికి వాడే యాంగులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నాయి, మొత్తం 41 తెరలు. 2010లో వచ్చిన ఆ ఫ్రేమ్‌వర్క్ తరువాతి తరం 2016లో పూర్తిగా కొత్త నిర్మాణంతో వచ్చింది. పాతది 2018 జులై నుంచి దీర్ఘకాలిక మద్దతు దశలోకి, అంటే ముఖ్యమైన లోపాలు మాత్రమే సరిచేసే దశలోకి వెళ్లింది. అంటే ఈసారి మార్పు అవసరమా అన్న ప్రశ్నే లేదు, ఎటు మారాలన్నదే ప్రశ్న. కొత్త యాంగులర్, రియాక్ట్, వ్యూ అనే మూడు ప్రతిపాదనలు వచ్చాయి. వాటితో పాటు సర్వర్‌తో మాట్లాడే పద్ధతిని కూడా గ్రాఫ్‌క్యూఎల్‌కు మార్చేద్దామని ఒకరు గట్టిగా కోరారు.

పరీక్షకు మేము ఎంచుకున్న తెర అన్నిటిలోకీ అధ్వానమైనది. పాక్షిక చెల్లింపులను, రద్దులను, సర్దుబాట్లను ఒకే చోట చూపించే ఆ తెర వెనక ఒక్క ఫైల్‌లోనే వెయ్యికి పైగా వరుసల కోడ్ ఉండేది. అందంగా కనిపించే చిన్న తెరను ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా బాగానే చేసి చూపిస్తుంది, అది మాకు ఏమీ చెప్పదు. ఒక్కో ప్రతిపాదనకు ఇద్దరిని కేటాయించి రెండు వారాలు ఇచ్చాం. ఏ సాధనాన్ని ఎవరు ప్రతిపాదించారో వారిని దాని పరీక్షకు దూరంగా ఉంచాం. ఈ నియమం కొందరికి నచ్చలేదు, కానీ నా దృష్టిలో మొత్తం పద్ధతిలో విలువైనది ఇదే. ప్రేమించేవారి చేతిలో ఏ సాధనమైనా బాగా పనిచేస్తుంది. రేపు దానితో బతకవలసింది ప్రేమించనివారు.

పరీక్ష చేసేవారు ఒక నోట్‌బుక్ రాశారు. అరగంటకు మించి ఎక్కడైనా చిక్కుకుపోతే, ఎక్కడ చిక్కుకున్నారు, సమాధానం ఎక్కడ దొరికింది అన్న రెండు వివరాలు అందులో రాయాలి. వ్యూలో చిక్కులు అన్నిటికన్నా తక్కువ, తెర కూడా అందులోనే ముందుగా పూర్తయింది. యాంగులర్‌లో మొదటి వారం కష్టంగా గడిచింది, కానీ సమాధానాలు దాదాపు అన్నీ అధికారిక పత్రాల్లోనే దొరికాయి. రియాక్ట్‌లో సమాధానాలకు కొదవ లేదు, కాకపోతే అందులో సగం పాతవి. ఆ ఏడాది ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ అనే కొత్త రచనా పద్ధతి వచ్చింది, దొరికిన ఉదాహరణల్లో చాలావరకు దానికి ముందు కాలానివి.

దీనితో పాటు మరొక పరీక్ష కూడా పెట్టాం, దాని గురించి ఇతర బృందాలు తక్కువగా మాట్లాడుకోవడం నాకు ఆశ్చర్యం. తెరలో కొంత భాగాన్ని కావాలనే ఏడాది కిందటి వెర్షన్‌తో రాయించి, ఆ తరువాత తాజా వెర్షన్‌కు ఎక్కించమన్నాం. ఒక సాధనాన్ని నేర్చుకోవడానికి పట్టే శ్రమ ఒక్కసారి పడేది, వెర్షన్లు మార్చుకునే శ్రమ ఏటా పడేది. రియాక్ట్ 16.4 నుంచి 16.8కు మారినప్పుడు మా కోడ్‌లో ఏమీ మార్చవలసిన అవసరం రాలేదు. యాంగులర్ 6 నుంచి 8కి మారేటప్పుడు దాని సొంత సాధనం చాలా పని చేసిపెట్టింది, మిగిలినది ఒక పూట చేతి పని. వ్యూ 2లోనూ ఇబ్బంది రాలేదు, కానీ వ్యూ 3 తయారవుతోంది. ఆ ఏడాది జూన్‌లో దాని కొత్త రచనా పద్ధతి మీద వెలువడిన ప్రతిపాదన వాడుకరుల్లో తీవ్రమైన చర్చ రేపింది. ఆరు నెలల తరువాత దాని రూపం ఎలా ఉంటుందో మేము అంచనా వేయలేకపోయాం.

చివరకు రియాక్ట్‌ను ఎంచుకున్నాం. పాత తెర లోపలే కొత్త భాగాన్ని సుమారు 40 వరుసల అతుకు కోడ్‌తో నిలబెట్టగలగడం నిర్ణయాన్ని అటు మొగ్గేలా చేసింది. 41 తెరలనూ ఒకేసారి మార్చే సాహసం మాకు వద్దు, ఒక్కో భాగం మార్చుకుంటూ, అవసరమైతే మధ్యలో ఆగిపోగల దారి కావాలి. వ్యూను వదులుకోవడం నాకు సులభంగా అనిపించలేదు, పరీక్ష చేసిన ఇద్దరికీ పని చేయడానికి హాయిగా ఉన్నది అదే. వ్యూ 3 2020 సెప్టెంబరులో వచ్చింది, వ్యూ 2కు మద్దతు 2023 చివరితో ముగిసింది. అటు వెళ్లి ఉంటే మేము మరో తరలింపు చేయవలసి వచ్చేది. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి, అప్పుడు మా దగ్గరున్నది సందేహం మాత్రమే. తేడా ఏమిటంటే, ఈసారి సందేహాన్ని పత్రంలో రాయడానికి ఒక చోటు ఉంది.

గ్రాఫ్‌క్యూఎల్‌ను తిరస్కరించాం. తెరలు మారుతున్న కాలంలోనే వాటి కింది నేలను కూడా మారిస్తే, ఏదైనా తప్పు జరిగినప్పుడు అది ఎక్కడ పుట్టిందో తేల్చుకోలేమన్నది కారణం. పునఃసమీక్షకు ఏడాది తరువాతి తేదీ వేశాం.

ఫలితం

తెరల తరలింపు 14 నెలల్లో, 2020 చివరికి ముగిసింది. యాంగులర్‌జేఎస్ మద్దతు 2021 డిసెంబరు 31న ఆగిపోయే సమయానికి మా దగ్గర ఆ కోడ్ లేదు. ఆ 14 నెలల్లో కొత్త సౌకర్యాల విడుదల మందగించింది గానీ ఏ నెలా ఆగలేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని మాత్రం చెప్పలేను. మొదటి పది తెరలు ఒక్కొక్కరు ఒక్కో శైలిలో రాశారు, డేటాను ఎక్కడ దాచాలన్న విషయంలో రియాక్ట్ ఒక్క దారి చూపించదు, ఆ దారిని మేమే ముందుగా నిర్ణయించుకుని ఉండాల్సింది. వాటిలో నాలుగింటిని తిరిగి రాశాం. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. గ్రాఫ్‌క్యూఎల్‌ను ప్రతిపాదించిన డెవలపర్ ఎనిమిది నెలల తరువాత బృందాన్ని విడిచి వెళ్లారు. వెళ్లేటప్పుడు, వారానికి ఒక పూట నేర్చుకోవడం తనకు సరిపోలేదని, నేర్చుకున్నది నిజమైన వాడుకరుల ముందు పెట్టే అవకాశం కావాలని చెప్పారు. ఆ మాట న్యాయమైనది. ఆ తరువాత మేము, డబ్బుతో సంబంధం లేని లోపలి పనిముట్లను, అంటే నివేదికల పేజీ, లాగ్‌లు వెతికే తెర లాంటివాటిని, కొత్త సాధనాలతో కట్టవచ్చని నియమం మార్చాం. ఆయన ఉండగానే ఆ మార్పు చేసి ఉండవలసింది.

కోడ్ సూచించే గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చాక, నేర్చుకోవడానికీ వాడకానికీ మధ్య మేము గీసుకున్న గీత కొంత చెదిరింది. కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాన్ని వ్యవస్థలో పెట్టేదేమీ ఉండదు, అది డెవలపర్ చేతిలో ఉంటుంది. అయినా దాని ఫలితం వ్యవస్థలోకి చేరుతుంది. తీసివేస్తే ఏమి మిగులుతుందన్న మా ప్రశ్నకు, కోడ్ మిగులుతుంది, దాన్ని అర్థం చేసుకున్నవారు మిగులుతారో లేదో అన్నదే ఇప్పటికి నేను ఇవ్వగల సమాధానం. రివ్యూలో వరుస వరుసకూ తన మాటల్లో వివరించలేని కోడ్‌ను ఎవరూ చేర్చకూడదని నియమం పెట్టుకున్నాం. అది చాలుతుందన్న నమ్మకం నాకు ఇంకా కలగలేదు.

ఆ బృందంలో నేను కూర్చున్న చివరి సమీక్ష, చేరి ఏడాది కూడా కాని ఒక డెవలపర్ తెచ్చిన ప్రతిపాదన మీద. నేపథ్యంలో జరిగే పనులను వరుసలో పెట్టడానికి విడిగా ఒక క్యూ వ్యవస్థ తెద్దామన్నది ఆమె ఆలోచన. పత్రంలో మొదటి ప్రశ్నకు సమాధానం రాయడానికి ఆమె పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రిలీజ్ నోట్స్ వెనక్కి చదువుకుంటూ వెళ్లి, 2016 జనవరిలో వచ్చిన 9.5లోని స్కిప్ లాక్డ్ అనే సౌకర్యాన్ని పట్టుకున్నారు. దానితో ఒక మామూలు టేబుల్‌నే క్యూగా వాడవచ్చు. రోజుకు మాకు వచ్చే పనుల సంఖ్యతో ఒక చిన్న పరీక్ష నడిపి, అది మాకు సరిపోతుందని చూపించి, తన ప్రతిపాదనను తనే వెనక్కి తీసుకున్నారు. ఆ క్యూ వ్యవస్థను ఆమె వారానికొకసారి దొరికే తన పూటలో నేర్చుకుంటూనే ఉన్నారు. ఆరు వారాల తరువాత మాకు చూపించినప్పుడు, సందేశాలు పోకుండా అది ఎలా కాపాడుతుందో ఆమె బోర్డు మీద గీసి చెప్పిన తీరు చూసి, 2016లో డాక్యుమెంట్ డేటాబేస్‌ను ప్రతిపాదించిన సహోద్యోగి అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగారు.